ఆ కుక్క సీరం ఏం చెప్పింది?

గ్రహాంతర జీవుల కథల గురించి ఎక్కడ మాటొచ్చినా జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ రాసిన ‘హూ గోస్ దేర్?’ దగ్గరికి వచ్చేసరికి ఒకటే సలహా వినిపిస్తుంది: అది చదవక్కర్లేదు, 1982లో వచ్చిన ‘ది థింగ్’ సినిమా చూస్తే చాలు. ఈ మధ్య మళ్ళీ ఆ మాటే ఒకచోట చదివాను. సినిమా గొప్పదే, అందులో పేచీ లేదు. కానీ సినిమా పక్కనపెట్టేసిన ఒక్క ప్రయోగం కోసమైనా ఆ నవలిక చదవాలంటాను. 1938 ఆగస్టు ‘అస్టౌండింగ్’ పత్రికలో డాన్ ఎ. స్టువర్ట్ అనే కలంపేరుతో అచ్చయిన ఆ కథలో ఇప్పటికీ పాతబడనిది మూడు ఎర్రకళ్ళ జీవి కాదు, ఒక రక్తపరీక్ష. అదీ చెడిపోయిన రక్తపరీక్ష.

కథ తెలియనివాళ్ళు ముందు అది చదివి రావడం మంచిది. కింద ముడులన్నీ విప్పేస్తున్నాను.

తెలిసినవాళ్ళకు గుర్తుచేయడానికి రెండు ముక్కలు. అంటార్కిటికాలో ఒక శిబిరం, ముప్ఫై ఏడుగురు మనుషులు. రెండు కోట్ల ఏళ్ళుగా మంచులో గడ్డకట్టి ఉన్న జీవిని తెచ్చి కరగబెడతారు. అది ఏ ప్రాణినైనా మింగి, కణం కణం ఆ ప్రాణిలాగే తయారవగలదు. జ్ఞాపకాలూ, గొంతూ, అలవాట్లూ అన్నీ దిగిపోతాయి. ఇక పక్క మంచం మీద పడుకున్నవాడు మనిషా, ఆ జీవా? తేల్చడం ఎలా?

ఇక్కడే చాలామంది రచయితలు తుపాకీ తీస్తారు. క్యాంప్‌బెల్ పాత్రలు టెస్ట్‌ట్యూబు తీస్తాయి.

సీరం ఎలా తయారవుతుంది

శిబిరం వైద్యుడు డాక్టర్ కాపర్ చెప్పే పరీక్ష కల్పితం కాదు. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో పాల్ ఊలెన్‌హూత్ 1901లో ప్రకటించిన ప్రెసిపిటిన్ పరీక్ష అది. కుందేలుకి మనిషి రక్తాన్ని కొద్దికొద్దిగా, కొన్ని రోజుల ఎడంతో, పలుమార్లు ఎక్కిస్తారు. ఆ పరాయి ప్రోటీన్ల మీద కుందేలు ఒంట్లో యాంటీబాడీలు, అంటే వాటిని పట్టుకునే పదార్థాలు, పుడతాయి. మూడు నాలుగు వారాల తర్వాత దాని రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, పైన తేరిన లేత పసుపు సీరాన్ని వేరుచేస్తారు. అనుమానమున్న మరకను ఉప్పునీటిలో నానబెట్టి, వడగట్టి, సుమారు వెయ్యికి ఒకటి వంతున పలచన చేస్తారు. ఇంత పలచనైనా అందులో ప్రోటీను మిగిలిందో లేదో చూడ్డానికి గొట్టాన్ని ఊపితే చాలు, నురగ నిలబడుతుంది. తర్వాత సన్నటి గాజుగొట్టంలో అడుగున సీరం పోసి, దాని మీదికి మరక ద్రావణాన్ని గోడ వెంట మెల్లగా జారుస్తారు. రెండూ కలిసిపోకూడదు. అవి తాకేచోట కొన్ని నిమిషాల్లో తెల్లటి వలయం కనిపిస్తే ఆ రక్తం మనిషిది. చాలాసేపటి తర్వాత వచ్చే మసకను లెక్కలోకి తీసుకోరు.

చెడిపోయే దారులు కూడా ఇక్కడే ఉన్నాయి. కుందేలు మేత మేసిన కాసేపటికే రక్తం తీస్తే సీరంలో కొవ్వు తేలి ముందే పాలలా ఉంటుంది, వలయం కనిపించదు. అందుకే రక్తం తీసేముందు దాన్ని పస్తుంచుతారు. ద్రావణం చిక్కగా ఉంటే మనిషి రక్తమే కానక్కర్లేదు, దగ్గరి చుట్టాలైన కోతుల రక్తానికీ తెలుపు వస్తుంది. సీరం పాతబడితే బలం తగ్గుతుంది. అందుకని ఒక్క గొట్టంతో ఎవరూ తీర్పు చెప్పరు. పక్కన ఇంకో నాలుగైనా ఉండాలి: తెలిసిన మనిషి రక్తంతో ఒకటి, వేరే జంతువు రక్తంతో ఒకటి, వట్టి ఉప్పునీటితో ఒకటి, ఏమీ ఎక్కించని కుందేలు సీరంతో ఒకటి. మొదటిది తెల్లబడాలి, మిగతా మూడూ తేటగా ఉండాలి. వీటినే కంట్రోళ్ళు అంటారు. వాటిలో ఏ ఒక్కటి తేడా చేసినా అసలు గొట్టం ఏం చూపించినా చెల్లదు.

ఈ పరీక్ష పేరు తెచ్చుకున్నది అదే ఏడు, ల్యూడ్‌విగ్ టెస్నో అనే వడ్రంగి కేసులో. బట్టల మీది మరకలు కలపకు వేసే రంగువని అతని వాదన. కొన్ని మరకలు గొర్రె రక్తమనీ, కొన్ని మనిషి రక్తమనీ ఊలెన్‌హూత్ తేల్చాడు. మన దగ్గరికీ ఇది తొందరగానే వచ్చింది. బ్రిటిష్ కాలంలో కలకత్తాలో ఇంపీరియల్ సీరాలజిస్ట్ అని ఒక అధికారి ఉండేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ హత్యకేసుల్లో కత్తీ పంచే ముందు కెమికల్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళేవి. రక్తమేనని తేలాక, మనిషిదో జంతువుదో చెప్పడానికి కలకత్తా వెళ్ళేవి. పాత తీర్పులు తిరగేస్తే ఒక మాట తరచూ తగులుతుంది: రక్తం శిథిలమైంది, మూలం నిర్ణయించడం వీలుకాలేదు. మనిషిదీ, మనిషిది కాదు అనే రెండిటికీ తోడు ఈ మూడో జవాబు ఉండడం వల్లే అది పరీక్ష అయింది. పోలీసువాడికీ వకీలుకీ ఆ జవాబు నచ్చకపోవచ్చు.

రెండు చోట్లా తెల్లబడింది

ఇప్పుడు కథలోకి. శిబిరంలో కుందేళ్ళు లేవు, స్లెడ్జి లాగే కుక్కలున్నాయి. ఒక కుక్కకు మనిషి రక్తం ఎక్కిస్తారు. రక్తమిచ్చింది ఇద్దరు: డాక్టర్ కాపరూ, శిబిరం నాయకుడు గ్యారీ. ఆ కుక్క సీరం మనిషి రక్తానికి తెల్లబడాలి, ఆ జీవి రక్తానికి తేటగా ఉండాలి. తీరా చూస్తే రెండిటికీ తెల్లబడుతుంది.

మామూలు కథలో ఇది “అయ్యో, పరీక్ష పనిచేయలేదు” అనే చోటు. క్యాంప్‌బెల్ అక్కడ ఆగలేదు. లెక్క చూడండి. రక్తమిచ్చిన ఇద్దరూ మనుషులే అయితే మనిషి గొట్టం ఒక్కటే తెల్లబడాలి. ఇద్దరూ ఆ జీవులే అయితే జీవి గొట్టం ఒక్కటే తెల్లబడాలి. కుక్కకు ఏదీ పట్టకపోతే రెండూ తేటగా ఉండాలి. రెండూ తెల్లబడ్డాయంటే కుక్క ఒంట్లోకి రెండు రకాల రక్తమూ వెళ్ళింది. అంటే కాపర్, గ్యారీలలో ఒకడు మనిషి, ఒకడు కాదు. ఎవరో మాత్రం ఆ గొట్టాలు చెప్పవు.

ఒక్కసారిగా వైద్యుడూ నాయకుడూ ఇద్దరూ అనుమానితులైపోతారు. గ్యారీ తన పదవిని వాతావరణ శాస్త్రవేత్త మెక్‌రెడీకి అప్పగిస్తాడు. ఎవరూ చావలేదు, ఏ జీవీ గోడ బద్దలుకొట్టుకుని రాలేదు. గాజుగొట్టంలో ఒక తెలుపు కనబడింది, శిబిరంలో అధికారం చేతులు మారింది. సైన్స్ ఫిక్షన్ అనే మాటలో సైన్సుకు ఇంత పని పెట్టిన పేజీలు నాకు ఎక్కువ కనబడలేదు.

1982 సినిమాలో జాన్ కార్పెంటర్, స్క్రిప్టు రాసిన బిల్ లాంకాస్టర్ ఈ ఘట్టాన్ని మార్చారు. అక్కడ సీరం పరీక్ష మొదలుకాకముందే ఎవరో ఫ్రిజ్‌లోని రక్తం సంచుల్ని కోసేస్తారు. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయన్నది ప్రశ్న అవుతుంది. తెర మీద అది బాగానే నడుస్తుంది, నిజానికి తొందరగా అర్థమవుతుంది కూడా. కానీ తాళంచెవి ప్రశ్న ఏ దొంగతనం కథలోనైనా పెట్టొచ్చు. ఇదే కథ మీద వచ్చిన 1951 సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు: కథను ఉత్తర ధ్రువానికి మార్చి, జీవిని మొక్కజాతిని చేసి, వేషం మార్చే గుణాన్నే తీసేశారు. సైనికులు వీరులయ్యారు, శాస్త్రవేత్త అడ్డుపుల్ల అయ్యాడు.

నా అనుమానాలు

ఇంతగా మెచ్చుకున్నాను కాబట్టి లొసుగులూ చెప్పాలి. మొదటిది కాలం. కుక్క ఒంట్లో వాడదగినంత యాంటీబాడీలు పుట్టడానికి వారాలు పడుతుంది. కథలో అంత వ్యవధి లేదు. కథ నడవాలి కాబట్టి దీన్ని వదిలేద్దాం.

రెండోది వదిలేయదగ్గది కాదు. ఆ జీవి కణం కణం మనిషిలా మారుతుందన్నప్పుడు దాని రక్తంలోని ప్రోటీన్లు కూడా మనిషి ప్రోటీన్లే కావాలి కదా? అనుకరణ అంత నిఖార్సైనదైతే శుద్ధమైన మనిషి రక్తంతో చేసిన సీరం కూడా దానికి తెల్లబడుతుంది. కోతి రక్తానికి తెల్లబడినట్టే. అప్పుడు రెండు గొట్టాల తెలుపుకి ఇంకో అర్థం ఉంది: దాతలిద్దరూ మనుషులే, పరీక్షకే ఆ తేడా పట్టే శక్తి లేదు. కథలోని వాళ్ళు ఈ రెండో అర్థాన్ని తగినంతగా తడమకుండానే మొదటిదాన్ని పట్టుకుంటారు. పోలికకు వాడిన జీవి రక్తం ఏ రూపంలో ఉన్నప్పుడు తీసినదన్నది ఇక్కడ ముఖ్యం. కుక్క రూపంలో ఉన్నప్పటిదైతే దానికి మనిషి ప్రోటీన్లతో పోలిక ఉండదు కనుక వాళ్ళ తర్కం గట్టిదే. మనిషి రూపంలో ఉన్నప్పటిదైతే సగం కూలిపోతుంది.

మూడోది నాకు బాగా ఇష్టమైన లొసుగు. ఆ సీరాన్ని పారేయనక్కర్లేదు! సీరాలజీలో అబ్జార్ప్షన్ అనే పాత పద్ధతి ఉంది. రెండిటికీ తెల్లబడే సీరంలోకి, ఖాయంగా ఆ జీవిదే అని తెలిసిన రక్తాన్ని కొద్దికొద్దిగా కలపాలి. జీవికి సంబంధించిన యాంటీబాడీలన్నీ దాన్ని పట్టుకుని మడ్డిగా దిగుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేటను తీసుకోవాలి. మళ్ళీ కలపాలి, మళ్ళీ తిప్పాలి. ఇక ఎంత కలిపినా తెలుపు రాని దశలో మిగిలేది మనిషికి మాత్రమే స్పందించే సీరం. ఒకేసారి ఎక్కువ పోసేస్తే మాత్రం చెడుతుంది. మిగులు రక్తం సీరంలోనే ఉండిపోయి తర్వాతి గొట్టాలను తప్పుదారి పట్టిస్తుంది. దీనికి కావలసిందల్లా తెలిసిన జీవి రక్తం. అది వాళ్ళ దగ్గర ఉంది కూడా, పోలిక గొట్టంలో వాడారు కదా. జర్మనీ ప్రయోగశాలలు ఈ పద్ధతిని 1900 తర్వాత కొద్ది ఏళ్ళకే వాడాయి. కాపర్‌కు తెలియకుండా ఉండడానికి వీల్లేదు.

ఇంతకన్నా సులువైన దారీ ఉంది. రెండు కుక్కలు, ఒక్కో దాత రక్తం ఒక్కో కుక్కకు. ఏ కుక్క సీరం జీవి రక్తానికి తెల్లబడితే దాని దాతే దొంగ. ఇద్దరి రక్తాన్నీ ఒకే కుక్కలోకి ఎక్కించడం మొదటి రోజే చేసిన తప్పు. ఇలాంటి కలగలుపు ఏ విద్యార్థి చేసినా ల్యాబులో అక్షింతలు పడతాయి.

అయితే క్యాంప్‌బెల్ తరఫున ఒక జవాబు ఉంది, అది నన్ను చాలావరకు ఒప్పించింది. అబ్జార్ప్షన్ ఎవరు చేస్తారు? సెంట్రిఫ్యూజ్ తిప్పేది కాపర్. అతనే ఆ ఇద్దరిలో ఒకడు. రెండో కుక్క మనిషి రక్తం ఎక్కించుకున్న కుక్కేనా, కుక్క వేషంలోని ఆ జీవా? సీరం పరీక్షలో ఎన్ని మెట్లు పెరిగితే అంతమందిని నమ్మాలి: దాతను, కుక్కను, సూదిని, వైద్యుణ్ణి, గొట్టాల మీద చీటీలు అంటించినవాణ్ణి. ఎవరినీ నమ్మలేని చోట మెట్లెక్కువున్న పరీక్ష ఎంత సున్నితమైనదైనా పనికిరాదు.

వేడి తీగ

అందుకే మెక్‌రెడీ పరీక్ష అంత మొరటుగా ఉంటుంది. ఆ జీవిలో ప్రతి ముక్కా విడి ప్రాణి. ఒంటి నుంచి వేరైన రక్తం తన ప్రాణం తాను కాపాడుకోవాలని చూస్తుంది. కాబట్టి ప్రతివాడి రక్తం కాస్త తీసి, అందులో కాల్చిన తీగ ముంచితే మనిషి రక్తం ఊరుకుంటుంది, దాని రక్తం తప్పించుకోబోతుంది. సీరం అక్కర్లేదు, కుక్క అక్కర్లేదు, వైద్యుడూ అక్కర్లేదు. గదిలో అందరి కళ్ళముందూ జరుగుతుంది. నాయకుడైనా వంటవాడైనా ఒకే తీగ.

సాంకేతికంగా మాత్రం ఇదీ పదిలమైన పరీక్షేమీ కాదు. ఎర్రగా కాలిన తీగ ఏ ద్రవంలో ముంచినా బుస్సుమంటుంది, చిటపటలాడుతుంది, చుక్కలు ఎగురుతాయి. సూక్ష్మజీవుల ల్యాబుల్లో తడిసిన లూప్‌ను (నమూనా ఎత్తే తీగ వలయాన్ని) నేరుగా మంటలో పెట్టకపోవడానికి కారణం ఇదే, చిమ్మి చుట్టూ పడుతుంది. ముందు మంట పక్కన ఆరబెట్టి ఆ తర్వాతే కాలుస్తారు. కాబట్టి “ఎగిరింది” అనడానికీ “చిమ్మింది” అనడానికీ తేడా చూపించే గొట్టాలు రెండు ముందే చూసుకోవాలి: ఒకటి ఆ జీవిది, ఒకటి మనిషిది. మొదటిది దొరుకుతుంది. రెండోదే చిక్కు. ఫలానా వాడు ఖాయంగా మనిషే అని ముందే తెలిస్తే పరీక్షెందుకు?

సినిమా వైపు ఇంకో చిన్న పాపం ఉంది, అభిమానులకు బాగా తెలిసిందే. అంతకుముందే ఫుక్స్ పాత్ర హెచ్చరిస్తుంది, ఒక్క రేణువు చాలు మనిషిని ఆక్రమించడానికి, ఎవరి తిండి వాళ్ళే వండుకోండి, డబ్బాల్లోదే తినండి అని. తీరా పరీక్షప్పుడు ఒకే బ్లేడుతో ఒకరి తర్వాత ఒకరి బొటనవేళ్ళు కోస్తారు, మధ్యలో ప్యాంటుకి తుడుస్తారు. పరీక్షే రోగాన్ని అంటించే దారి అవుతుందని అక్కడ ఎవరికీ తోచదు. ఇంత కట్టుదిట్టమైన సినిమాలో ఆ తుడుపు ప్రతిసారీ నా కంట్లో నలుసే.

1938లో రక్తం

ఈ నవలికను ఇష్టపడనివాళ్ళ మాటల్లో ఒకటి గట్టిది. ముప్ఫై ఏడుగురిలో పట్టుమని నలుగురు కూడా మొహాలుగా గుర్తుండరు. మెక్‌రెడీని కంచు విగ్రహంలా వర్ణించి వదిలేస్తాడు. అది లోపమే, దాన్ని కప్పిపుచ్చను.

ఇంకొకటి దీనికంటే బరువైనది. మనలా కనిపిస్తూ మనం కానివాళ్ళను రక్తంతో పట్టుకోవడం అనే ఊహ 1938లో అమాయకమైనది కాదు. రక్తం పేరు చెప్పి పౌరసత్వం తీసేసే చట్టాలు జర్మనీలో 1935 నుంచే ఉన్నాయి. క్యాంప్‌బెల్‌కి జాతుల మీద ఉన్న అభిప్రాయాలు ఆయన సంపాదకీయాల్లో తర్వాత బయటపడ్డాయి. ఆయన పేరిట కొత్త రచయితలకిచ్చే అవార్డుకు 2019లో పేరు మార్చడానికి కారణం కొంత అదే. ఇవన్నీ తెలిశాక ఆ కథ అంత తేలిగ్గా చదవలేం. నా పట్టు ఒక్కచోటే: ఆ కథలో రక్తాన్ని బట్టి మనిషిని తేల్చే అధికారం ఉన్న ఇద్దరే మొదట అనుమానితులవుతారు. చట్టాలు రాసినవాళ్ళు ఎన్నడూ తమ రక్తాన్ని గొట్టంలో పోయలేదు. క్యాంప్‌బెల్ ఇది ఉద్దేశించి రాశాడని నేననడం లేదు, ప్రయోగం తర్కమే అటు లాక్కెళ్ళింది.

ఈ కథకు ‘ఫ్రోజెన్ హెల్’ అని ఒక పొడుగు రూపం ఉంది. హార్వర్డ్‌లో కాగితాల పెట్టెల్లో దొరికి 2019లో అచ్చయింది. ఆ జీవి వచ్చిన అంతరిక్ష ఓడ ఎలా దొరికింది, మంచు ఎలా తవ్వారు, థర్మైట్ అనే మండే పొడి పెడితే మెగ్నీషియం ఓడ ఎలా మండిపోయింది అన్నదంతా అందులో మొదట్లోనే విస్తారంగా ఉంటుంది. 1938లో క్యాంప్‌బెల్ ఆ సాహసాన్నంతా కోసేసి, వాసన కొట్టే గదిలో మనుషులు వాదించుకునే చోట మొదలుపెట్టాడు. మంచి కోత. పొడుగు రూపం ఓపికున్నవాళ్ళు తర్వాత చదువుకోవచ్చు.

హ్యూస్టన్‌లో ఎలుకలు

ఇలాంటి పరిస్థితి నిజంగా వస్తే శాస్త్రవేత్తలు ఏం చేస్తారన్నది ఊహించనక్కర్లేదు, 1969లో చేసి చూపించారు. అపోలో 11 మనుషుల్ని చంద్రుడి నుంచి బయల్దేరిన క్షణం నుంచి లెక్కవేసి 21 రోజులు విడిగా ఉంచారు. హ్యూస్టన్‌లోని లూనార్ రిసీవింగ్ ల్యాబొరేటరీలో చంద్రధూళిని ఎలుకలకు ఎక్కించారు, కముజు పిట్టల మీద, బొద్దింకల మీద, రొయ్యల మీద, మొక్కల మీద ప్రయోగించారు. గ్లవ్‌బాక్సుల్లో (చేతితొడుగులు బిగించిన మూసిన పెట్టెల్లో) తొడుగులు చిరిగి, లోపలి పదార్థం తగిలిన టెక్నీషియన్లనూ క్వారంటైన్‌లోకి పంపారు. ఇంత చేసి, పసిఫిక్‌లో దిగిన క్యాప్సూల్ తలుపును సముద్రం మీదే తెరిచారు. లోపలి గాలి అక్కడే బయటికి పోయింది. వ్యోమగాములు వేసుకున్న ప్రత్యేక సూట్లు అంతకుముందే క్యాప్సూల్లోంచి బయటపడ్డ గాలిని ఆపలేవు కదా.

అంటార్కిటికాలోనూ ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది. 2012 ఫిబ్రవరిలో రష్యన్లు వోస్తోక్ సరస్సు దాకా, దాదాపు 3,769 మీటర్ల మంచులోంచి, రంధ్రం వేశారు. రంధ్రం మూసుకుపోకుండా అందులో కిరోసిన్ ఆధారిత ద్రవం నింపారు. పైకి వచ్చిన నమూనాల్లో కనిపించిన బ్యాక్టీరియా సరస్సుదా, ఆ డ్రిల్లింగ్ ద్రవానిదా, పట్టుకున్న చేతిదా అన్న దగ్గర వాదన పడింది.

మన దగ్గర హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో, అంటే సీసీఎంబీ వారి అంతరించిపోతున్న జీవుల ప్రయోగశాలలో, వేటగాళ్ళ దగ్గర దొరికిన మాంసం ఏ జంతువుదో మైటోకాండ్రియా డీఎన్ఏతో తేలుస్తారు. ఊలెన్‌హూత్ అడిగిన ప్రశ్నే అది, పనిముట్లు మాత్రం మారాయి. అక్కడ పోల్చుకోవడానికి తెలిసిన జింకా, తెలిసిన మేకా ఉన్నాయి. కథలోని ‘బిగ్ మాగ్నెట్’ శిబిరంలోనూ పోల్చుకోవడానికి ఆ జీవి రక్తం ఉంది. హ్యూస్టన్‌లో అది లేదు. చంద్రుడి సూక్ష్మజీవి ఎలుకను ఏం చేస్తుందో చూపించే గొట్టం ఒక్కటీ లేకుండానే మూడు యాత్రల ధూళిని పరీక్షించి, అపోలో 14 తర్వాత 1971లో క్వారంటైన్ ఎత్తేశారు. అంగారకుడి మీద జెజీరో బిలంలో పర్సివరెన్స్ రోవర్ 2021 నుంచి నమూనాల గొట్టాలు నింపుతోంది. అవి ఎప్పుడొచ్చినా, వాటి పక్కన పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే తప్పక స్పందించాలని ముందే తెలిసిన గొట్టంగా, ఏం పెట్టాలన్న ప్రశ్నకు తెరిచేవాళ్ళ దగ్గర జవాబు ఉండాలి.